ఇంకొకరి పాత్రతో కథ రాస్తున్నారా? ఐదు దారుల్లో మీకు ఏది నప్పుతుంది

కన్యాశుల్కం చివర 'డామిట్! కథ అడ్డంగా తిరిగింది' అంటూ వెళ్లిపోయిన గిరీశం ఆ తర్వాత ఏం చేశాడో రాయాలని ఒకరికి ఉంటుంది. బుడుగు పెద్దవాడై హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంటే ఎలా ఉంటుందో రాయాలని ఇంకొకరికి. చూసిన సినిమా ముగింపు మింగుడుపడక, నాయికను బతికించి కథ కొనసాగించాలని మరొకరికి. మూడూ ఫ్యాన్ ఫిక్షనే, అంటే ఇంకొకరి పాత్రలతో అభిమానులు రాసే కథలే. చట్టం దగ్గరికొచ్చేసరికి మాత్రం మూడింటి దారులూ వేరు. గిరీశం ఇప్పుడు అందరివాడు. బుడుగు మీద 2071 డిసెంబర్ 31 దాకా హక్కులుంటాయి. సినిమా పాత్ర అయితే నిర్మాతతోనూ, కథ రాసిన మనిషితోనూ ముడిపడి ఉంటుంది.

ఏ దారిలో వెళ్లాలో మొదటి భాగం రాయకముందే తేల్చుకోవడం మంచిది. నలభై భాగాలు రాసి, చదివేవాళ్లు పెరిగి, ఇక పుస్తకం వేద్దామనుకున్నాక పాత్రను మార్చబోతే కథంతా మళ్లీ రాసినంత పనవుతుంది.

పాత్రకు కాపీరైట్ ఉంటుందా

1957 కాపీరైట్ చట్టంలో పాత్ర అనే మాటకు విడిగా ఏ రక్షణా రాసి లేదు. రక్షణ రచనకూ సినిమాకూ బొమ్మకూ ఉంటుంది, వాటిలో భాగంగా పాత్రకూ వస్తుంది. ఆలోచన ఎవరి సొత్తూ కాదు, దాన్ని చెప్పిన తీరే సొత్తు. ఈ తేడాను సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో స్థిరపరిచింది. రెండూ చూసిన మనిషికి ఇది అచ్చంగా దానికి నకలే అనిపిస్తే ఉల్లంఘన, లేకపోతే కాదు అన్నది అక్కడ చెప్పిన ముఖ్యమైన గీటురాయి.

లంచం తింటూనే పేదల పక్షాన నిలిచే పోలీసు ఎవరికైనా దొరికే సరుకు. చొక్కా కాలరుకు వెనకవైపు నల్లకళ్లద్దాలు తగిలించుకుని, సవతి తండ్రితో గొడవపడుతూ, తనని తాను రాబిన్‌హుడ్ అని పిలుచుకునే పోలీసు అంటే వెంటనే హిందీ సినిమా దబాంగ్‌లోని చుల్‌బుల్ పాండే గుర్తొస్తాడు. ఆ పాత్ర మీదే 2016లో బాంబే హైకోర్టుకు ఒక తగాదా వెళ్లింది, అందులో రెండో పక్షం మన తెలుగు సినిమానే. సర్దార్ గబ్బర్‌సింగ్‌లో తమ పాత్రను వాడారని దబాంగ్ నిర్మాణ సంస్థ అంది. విడుదల ముంగిట్లో వచ్చారన్న కారణంతో కోర్టు సినిమాను ఆపలేదు. అయితే విలక్షణమైన పాత్రకు రక్షణ ఉండొచ్చన్న సూత్రాన్ని మాత్రం ఒప్పుకుంది. అంతకు ముందు ఏడాది ఢిల్లీ హైకోర్టు షోలే కేసులో ఇంకా గట్టిగా మాట్లాడింది. గబ్బర్ తదితర పాత్రలను అనుమతి లేకుండా మళ్లీ తెరకెక్కించిన 2007 నాటి సినిమా విషయంలో 10 లక్షల రూపాయల శిక్షాత్మక పరిహారం వేసింది.

కాబట్టి 'పాత్రే కదా, కథ నాదే' అన్న వాదన మీద భారం వేయకండి. పాత్ర ఎంత ప్రత్యేకంగా చెక్కి ఉంటే ప్రమాదం అంత ఎక్కువ.

మొదటి దారి: గడువు తీరిన పాత్రలు

తెలుగులో రాసేవాళ్లకు అన్నిటికంటే నిక్కచ్చిగా సిఫార్సు చేయదగ్గది ఇదే. అమ్ముకోవచ్చు, ఆడియో చేసుకోవచ్చు, సినిమాకు ఇవ్వొచ్చు, ఎవరినీ అడగనక్కర్లేదు. లెక్క కూడా తేలికే. రచయిత చనిపోయిన ఏడాది తర్వాతి జనవరి 1 నుంచి 60 ఏళ్లు. ఇద్దరు కలిసి రాస్తే, ఇద్దరిలో చివర పోయినవారి నుంచి లెక్క.

గురజాడ 1915లో, పానుగంటి 1940లో, చిలకమర్తి 1946లో పోయారు. అంటే గిరీశం, మధురవాణి, జంఘాలశాస్త్రి, గణపతి అందరూ స్వేచ్ఛగా దొరుకుతారు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో కాలం చేశారు గనుక మాలపల్లి 2019 జనవరి 1 నుంచి అందరిదీ అయింది. బుచ్చిబాబు 1967లో పోయారు, చివరకు మిగిలేది దయానిధి కోసం 2028 జనవరి 1 దాకా ఆగాలి. మొక్కపాటి నరసింహశాస్త్రి 1973లో పోయారు కాబట్టి బారిస్టర్ పార్వతీశాన్ని మళ్లీ ఓడ ఎక్కించాలంటే 2033 పూర్తవ్వాలి. విశ్వనాథ పాత్రలకు 2036, చలం పాత్రలకు 2039 చివరి ఏళ్లు. పుస్తకం ఎంత పాతదో చూసి తొందరపడకండి. లెక్క మొదలయ్యేది రచయిత మరణం నుంచి, అచ్చయిన ఏడాది నుంచి కాదు. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన వాటికీ, రచయిత ఎవరో తెలియని వాటికీ మాత్రం ప్రచురణ నుంచి 60 ఏళ్లు.

ఇక్కడ జారిపడే చోట్లు నాలుగున్నాయి.

ఒకటి, మూలం స్వేచ్ఛే అయినా దాని మీద వచ్చిన కొత్త రూపం స్వేచ్ఛ కాకపోవచ్చు. భారతంలో కర్ణుడు అందరివాడు. ఇటీవలి నవలలో కర్ణుడికి ఒక రచయిత కల్పించిన స్నేహితురాలు ఆ రచయిత సొత్తు. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త 1930లో పోయాడు, మన దేశంలో ఆ కథలకు గడువు ఎప్పుడో తీరింది. ఆయన కథల తెలుగు అనువాదంలోని వాక్యాలకు మాత్రం అనువాదకుల లెక్క వేరు. అందుకే కవిత్రయం పాఠమో, నాటకం తొలి ముద్రణో, అలా మూలం దగ్గరే కూర్చుని పాత్ర లక్షణాలు రాసుకోండి. సినిమా గుర్తులు తెలియకుండానే చొరబడతాయి.

రెండు, ఒకే రచనలో ఒకటికి మించిన గడువులుంటాయి. మాయాబజార్ 1957లో విడుదలైంది. సినిమాగా దాని కాపీరైట్ మన దేశంలో 2017 డిసెంబర్ 31తో ముగిసింది. మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు. ఆ మాటల గడువు 2031 చివరిదాకా నడుస్తుంది. ఘటోత్కచుణ్ని వాడుకోవచ్చు, అతని నోట ఆ సినిమా మాటలే పెట్టకూడదు. బుడుగుదీ ఇదే సంగతి. మాటలు ముళ్లపూడివి, బొమ్మలు బాపువి. ఆ రూపానికి 2074 దాకా విడిగా హక్కు ఉంటుంది.

మూడు, దేశాన్ని బట్టి గడువు మారుతుంది. అమెరికాలో 1978కి ముందు ప్రచురితమైన రచనలకు సాధారణంగా ప్రచురణ నుంచి 95 ఏళ్లు. మన దగ్గర 1996 నాటికి హక్కు బతికే ఉన్న రచనలకు అక్కడ కూడా ఆ రక్షణ తిరిగొచ్చింది. కాబట్టి ఇక్కడ గడువు తీరిన మాయాబజార్‌కు అక్కడ తీరలేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి పుస్తకం వేసే తెలుగువాళ్లు రెండు లెక్కలూ చూసుకోవాలి.

నాలుగు, గడువు తీరడం అంటే ఏమైనా రాయొచ్చని కాదు. 57వ సెక్షన్ కింద రచయిత గౌరవానికి భంగం కలిగేలా రచనను వక్రీకరిస్తే వారసులు అడ్డుచెప్పవచ్చు. ఆ సెక్షన్‌లో ఉన్న 'కాపీరైట్ గడువు లోపల' అన్న నిబంధనను 2012 సవరణ తీసేసింది. మూల రచయిత పేరు మీ కథకు తగిలించి ఇది వారిదే అన్న భ్రమ కలిగించకండి. 'ఫలానా నాటకంలోని పాత్రల ఆధారంగా' అని రాస్తే నిజాయితీగా ఉంటుంది. పురాణ పాత్రలైతే భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కూడా గుర్తుండాలి. మత విశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా అవమానిస్తే అది వర్తిస్తుంది.

రెండో దారి: ఉచితంగా పెట్టడం

ఎక్కువమంది నడిచే దారి ఇదే. చట్టపరంగా బలహీనమైనదీ ఇదే. 'డబ్బు తీసుకోవట్లేదు, కాబట్టి తప్పు లేదు' అని చాలామంది నమ్ముతారు. మన చట్టంలో అలాంటి మినహాయింపు లేదు. 52వ సెక్షన్ ఇచ్చే సదుపాయం సొంత వాడకానికి, విమర్శకు, సమీక్షకు, వార్తలకు. మీ నోటుబుక్కులో మీరు రాసుకుంటే సొంత వాడకం. పదిమంది చదివేలా ఆన్‌లైన్‌లో పెడితే అది కాదు. డబ్బు లేకపోవడం వల్ల కలిసొచ్చేది వేరు. 63వ సెక్షన్ కింద శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. లాభం కోసం చేయని పనికి అంతకంటే తక్కువ విధించే వీలు కోర్టుకుంది. పైగా ఆదాయం లేని అభిమాని మీద కేసు వేసి హక్కుదారు సాధించేదేమీ ఉండదు. అసలు రక్షణ ఆ సహనమే. అది ఎప్పుడైనా చెల్లిపోవచ్చు.

'ఈ పాత్రలు నావి కావు, హక్కులన్నీ సొంతదారులవే' అనే డిస్‌క్లెయిమర్ ఉల్లంఘనను ఉల్లంఘన కాకుండా చేయదు. ఒక్కోసారి 'తెలిసే చేశాడు' అనడానికి సాక్ష్యం కూడా అవుతుంది. అయినా పెట్టమనే సలహా. పాఠకుడు మోసపోకుండా ఉంటాడు, మూల రచయితకు దక్కాల్సిన గౌరవం దక్కుతుంది. అంతకు మించి దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

ఎక్కడ పెట్టాలన్నది కూడా ఆలోచించాల్సిందే. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ 2009 నుంచి నడుస్తున్న, లాభాపేక్ష లేని ఆన్‌లైన్ ఫ్యాన్ ఫిక్షన్ నిలయం. అమెరికా చట్టంలోని ఫెయిర్ యూజ్ (అనుమతి లేకుండానే న్యాయమైన మేరకు వాడుకోవడం) వాదాన్ని అది బాహాటంగా సమర్థిస్తుంది. అందుకే అక్కడ విరాళాల లింకులు, అమ్మకం మాటలు నిషేధం. వాట్‌ప్యాడ్, ప్రతిలిపి లాంటివి వ్యాపార సంస్థలు. నాణేలు, చందాలు, ఆదాయ వాటా ఉన్నచోట మీ కథ ఉచితం అనుకునేది కూడా లాభాపేక్ష లెక్కలోకి జరగొచ్చు. చేరేముందు వాళ్ల నియమాల్లో 'రచన పూర్తిగా నాదే' అని మీతో ఒప్పించే వాక్యం ఉందేమో వెతకండి. అది ఉంటే అరువు పాత్రతో రాసిన కథను అక్కడ పెట్టడమే ఒప్పంద ఉల్లంఘన. యూట్యూబ్‌లో కథ చదివి ప్రకటనలు పెడితే అది ఆదాయమే, ఇందులో సందేహం అక్కర్లేదు.

డబ్బు వైపు దాటితే ఏమవుతుందో 2023లో ఒక అమెరికన్ రచయితకు అర్థమైంది. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రాసిన టోల్కీన్ లోకంలో కొనసాగింపు నవల రాసి అమ్మాడు. పైగా తన పుస్తకాన్నే కాపీ కొట్టారని టోల్కీన్ వారసుల సంస్థ మీద, అమెజాన్ మీద దావా వేశాడు. కోర్టు దావా కొట్టేసింది. ఉన్న ప్రతులన్నీ నాశనం చేయమంది. దాదాపు 1,34,000 డాలర్ల లాయర్ ఖర్చు కట్టమంది.

మూడో దారి: పేరడీ, ఎదురు కథ

మూలాన్ని ప్రశ్నించడానికే దాని పాత్రలను తీసుకుంటే దారి కొంత విశాలమవుతుంది. తోప్పిల్ భాసి ప్రసిద్ధ మలయాళ నాటకానికి ఎదురుగా సివిక్ చంద్రన్ ఇంకో నాటకం రాశారు. అవే పాత్రలు, కొన్ని అవే సన్నివేశాలు. కేరళ హైకోర్టు 1996లో దాన్ని నకలు కాదు, విమర్శ అంది. ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, రెండోది మొదటిదానికి పోటీ అవుతుందా అన్న మూడు ప్రశ్నలూ వేసుకుని చూసింది.

మీ కథకూ అవే ప్రశ్నలు వేసుకోండి. ఒక పాపులర్ నవలలో నాయకుడు నాయికను వెంటపడి వేధించడాన్ని ప్రేమగా చూపించారనుకుందాం. అదే కథను ఆమె వైపు నుంచి రాసి ఆ దృష్టిని నిలదీస్తే ఈ దారి పనికొస్తుంది. వాళ్లిద్దరినీ ఊటీకి పంపి హనీమూన్ రాస్తే పనికిరాదు, అందులో విమర్శ లేదు. నవ్విస్తే చాలు పేరడీ అయిపోతుందన్నదీ పొరపాటే. నవ్వు మూలం మీదికి ఎక్కుపెట్టి ఉండాలి. ఇది గెలిచేది కోర్టులో, అంటే కేసు వచ్చాక. లాయర్‌కు ఇచ్చుకునే స్తోమత లేనివాళ్లు ఈ దారిని నమ్ముకుని పుస్తకం అమ్మకపోవడమే మంచిది.

నాలుగో దారి: అనుమతి

తెలుగులో చాలామంది అడగరు. అడిగితే దొరికే సందర్భాలు అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి, ముఖ్యంగా నవలా పాత్రల విషయంలో. ఎవరిని అడగాలన్నదే మొదటి చిక్కు. పుస్తకం మీద ఉన్న ప్రచురణకర్తకు చాలాసార్లు అచ్చువేసే హక్కు మాత్రమే ఉంటుంది. పాత్రను కొత్త కథలో వాడుకోనిచ్చే హక్కు రచయితదో వారసులదో. వారసులు ముగ్గురుంటే ఒక్కరి సరే చాలదు. సినిమా అయితే నిర్మాతతో మొదలుపెట్టి, మూలకథ హక్కులు ఎవరి దగ్గరున్నాయో అడగండి. శాటిలైట్, డిజిటల్ హక్కులు కొన్నవాళ్లకు సాధారణంగా ఈ అధికారం ఉండదు.

లేఖ ఒక పేజీ దాటకూడదు. ఏ రచన, ఏ పాత్రలు, మీ కథ సారాంశం పది వాక్యాల్లో, ఏ రూపంలో వస్తుంది, డబ్బు ఉంటుందా, ఉంటే వారి వాటా ఎంత, మీరు కల్పించిన కొత్త పాత్రలు ఎవరివి, మూల రచయిత పేరు ఎక్కడ వేస్తారు. ఇవన్నీ ఉండాలి. జవాబు లిఖితంగానే ఉండాలి, 30వ సెక్షన్ అదే కోరుతుంది. ఫోన్‌లో 'రాసుకోమ్మా, దానికేం' అన్నది రేపు నిలవదు. ఒప్పందంలో కాలం రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశమే అని చట్టం అనుకుంటుంది. అమెరికాలోనూ అమ్మాలంటే 'ప్రపంచవ్యాప్తంగా' అని రాయించుకోండి. రాసిన ఉత్తరానికి జవాబు రాకపోవడం అనుమతి కాదు.

ఐదో దారి: పాత్రను సొంతం చేసుకునేలా మార్చడం

అభిమానంతో మొదలైన కథను సొంత నవలగా మలచడం. ప్రపంచంలో దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ 2011లో పుస్తకంగా వచ్చిన ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే. రక్తపిశాచుల నవల ట్విలైట్ పాత్రలతో మొదలైన కథ అది. అక్కడ మార్పు కుదరడానికి ఒక కారణముంది. ఆ ఫ్యాన్ ఫిక్షన్‌లో రక్తపిశాచులు లేరు, మూలలోకమే లేదు. ఇద్దరి స్వభావాలను మామూలు నగరంలోకి తెచ్చి రాశారు. మీదీ అలాంటిదైతే మార్చొచ్చు. మూలకథలోని సంఘటనల మధ్య ఖాళీలు పూరించే కథ అయితే మార్చడానికి ప్రయత్నించకండి, మూలం తీసేస్తే నిలబడదు.

పేర్లు చివరికి మార్చండి. ముందు మూల రచయిత పుట్టించిన మాటలు, ఊతపదాలు, ఊళ్ల పేర్లు తీసేయాలి. తర్వాత బంధాల అల్లిక: దబాంగ్‌లోలా సవతి తండ్రి, తమ్ముడు, తాగుబోతు తండ్రి ఉన్న నాయిక అనే వరుసను పూర్తిగా విడగొట్టాలి. ఆ తర్వాత సన్నివేశాల క్రమం. వీటన్నిటికంటే కష్టమైనది ఇంకొకటుంది. ఫ్యాన్ ఫిక్షన్‌లో నాయకుణ్ని పరిచయం చేయరు, పాఠకుడికి ముందే తెలుసు కాబట్టి. పేరు మార్చగానే అతనికి ముఖం ఉండదు, గతం ఉండదు, ఎందుకు కోపమో తెలియదు. మొదట్లో రెండు మూడు అధ్యాయాలు కొత్తగా రాయక తప్పదు. సరిగ్గా అక్కడే పాత్ర మీదవుతుంది.

పేర్ల మార్పును కంప్యూటర్‌కు వదిలేస్తే తెలుగులో అభాసుపాలవుతారు. 'రవి'ని 'మోహన్' చేయమంటే 'అరవింద'లోనూ 'రవిక'లోనూ మోహన్ దూరతాడు. 'సుబ్బారాయుడు' వేటలో 'సుబ్బారాయుణ్ని', 'సుబ్బారాయుడా' లాంటి రూపాలు చిక్కవు. విభక్తులన్నిటితో పట్టిక రాసుకుని ఒక్కొక్కటిగా చూస్తూ మార్చండి.

అయిపోయాక సినిమా చూసినవాళ్లు ఇద్దరు ముగ్గురికి ఏమీ చెప్పకుండా ఇవ్వండి. 'ఇది ఫలానాది కదా' అన్నారంటే పని మిగిలే ఉంది. ఆర్.జి. ఆనంద్ కేసు గీటురాయి ఇంట్లోనే గీసుకున్నట్టు. పాత భాగాలను ఆన్‌లైన్ నుంచి తీసేయండి. ప్రచురణకర్తకు పుట్టుక గురించి ముందే చెప్పండి. మీరు సంతకం పెట్టే ఒప్పందంలో 'రచన స్వతంత్రం, కేసు వస్తే ఖర్చు రచయితది' అని ఉంటుంది. దాచి పెట్టిన సంగతి తర్వాత మీ జేబులోంచే పోతుంది.

ఎవరికి ఏది

రాయడం నేర్చుకుంటున్నవాళ్లు, చదివి మెచ్చుకునే నలుగురి కోసం రాసేవాళ్లు రెండో దారిలో హాయిగా ఉండొచ్చు, డబ్బు ముట్టుకోనంతవరకు. పుస్తకం వేయాలన్నా, ఆడియో అమ్మాలన్నా మొదటిదో ఐదోదో. బతికున్న రచయిత పాత్ర మీద తీరని ఇష్టం ఉంటే నాలుగోది, అది కాదంటే మానుకోవడమే మర్యాద. 'నా పాత్రలతో రాయొద్దు' అని రచయిత బాహాటంగా చెప్పి ఉంటే చట్టం సంగతి పక్కనపెట్టి ఆ మాటకు విలువివ్వండి. హీరోల మీద, అంటే నిజమైన మనుషుల మీద కథలు రాసేవాళ్లకు ఈ ఐదూ వర్తించవు. అక్కడ ఉన్నవి వ్యక్తిత్వ హక్కులు (తమ పేరు, రూపం వాడకంపై మనిషికుండే హక్కులు), పరువునష్టం. అనిల్ కపూర్ 2023లో, నాగార్జున 2025లో ఢిల్లీ హైకోర్టు నుంచి అలాంటి రక్షణ ఉత్తర్వులు తెచ్చుకున్నారు.

నోటీసు వస్తే

హక్కుదారు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేస్తే వేదిక 36 గంటల్లో కథను అందుబాటులో లేకుండా చేయాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి పెట్టొచ్చు. ఈలోగా మీరు ఇంకో ఖాతా తెరిచి అదే కథ ఎక్కించకండి, మొండితనంగా కనబడుతుంది. ఉచిత ఫ్యాన్ ఫిక్షన్ అయితే తీసేసి, తీసేశామని మర్యాదగా రెండు వాక్యాల్లో జవాబివ్వండి. చాలా చోట్ల సంగతి అక్కడితో సద్దుమణుగుతుంది. గడువు తీరిన పాత్ర అయితే వెనక్కి తగ్గనక్కర్లేదు. రచయిత మరణ సంవత్సరం, మీరు ఆధారం చేసుకున్న ముద్రణ, గడువు ముగిసిన తేదీ జవాబులో రాయండి. కథ తేదీలతో సహా మీ దగ్గర వేరే చోట భద్రంగా ఉండాలి, వేదిక తొలగిస్తే పాఠకుల వ్యాఖ్యలతో సహా పోతుంది. నోటీసులో పరిహారం మొత్తం రాసి ఉన్నా, మీకు ఆ కథ మీద పైసా ఆదాయం వచ్చి ఉన్నా, సొంతంగా జవాబు రాయకుండా కాపీరైట్ కేసులు చూసే లాయర్ దగ్గరికి వెళ్లండి. ఆదాయం ఎంత వచ్చిందో లెక్కలు పట్టుకెళ్లండి, ఆయన మొదట అడిగేది అదే.